గీత పడమటికి తిరిగిన మధ్యాహ్నం

మబ్బు పట్టిందంటే మా ఊరంతా సంతోషిస్తుంది. నాకు మాత్రం భయమేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఇంతే. తాడిపత్రి చుట్టుపక్కల పల్లెల్లో వానంటే భయపడే మనిషి ఉందని చెబితే ఎవరూ నమ్మరు. మబ్బు కనపడగానే పిల్లలు వీధిలోకి పరుగెత్తుతారు. మగవాళ్ళు మిద్దెలెక్కి తూర్పు వైపు చూస్తారు. నేను ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి మోకాళ్ళ మీద పడతాను. చూసినవాళ్ళు వాన కోసం ప్రార్థన చేస్తోందనుకుంటారు. కాదు. దాక్కుంటున్నాను. బైబిల్లో తప్పు చేసి తోటలో చెట్ల చాటుకు పోయిన మొదటి మనుషుల్లాగా, దేవుడి పిలుపు ఎక్కడ వినబడుతుందోనని దాక్కుంటున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మిగిలినవాళ్ళకు నాకు తోచిన పేర్లు పెట్టాను. కానీ జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను. అలా రాయకపోతే ఇదంతా ఎందుకు?

నా వల్ల ఒక మనిషి చనిపోయాడు. నా చేతులతో నేనేమీ చెయ్యలేదు. నాకు తెలిసిన మాట ఒకటి చెప్పలేదు. చెప్పి ఉంటే అతను బతికేవాడు. చనిపోయిన తర్వాత తప్పంతా అతని మీదికే పోయింది. దాన్ని పోనిచ్చాను. ఈ రెండింటిలో ఏది పెద్ద పాపమో ఇప్పటికీ తేల్చుకోలేను. మొదటిది భయంలో చేశాను. రెండోది భయం తగ్గాక, తెలిసి చేశాను.

మొదటినుంచి చెబుతాను.

మా ఆయన లారీ నడుపుతాడు. తాడిపత్రిలో పాలిష్ బండలు ఎక్కించుకుని నెల్లూరు, చెన్నై వైపు పోతాడు. ఒక ఏడాది తుఫానులో లారీ దారిలో నీళ్ళ మధ్య ఆగిపోయింది. ఆయన ఫోన్ కలవలేదు. బతికున్నాడో లేదో తెలియక నేను అన్నం నోట పెట్టలేదు. ఆయన తిరిగి వచ్చాక నాకొక అలవాటు పడింది. ఫోన్లో గాలివానలు చూపించే బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని రోజూ చూడటం మొదలుపెట్టాను. సముద్రం నీలంగా ఉంటుంది. గాలి సన్నటి తెల్లటి పోగుల్లా కదులుతూ ఉంటుంది. తుఫాను పుడితే ఆ పోగులు ఒకచోట చుట్ట చుట్టుకుంటాయి. అక్కడినుంచి ఒక గీత బయలుదేరుతుంది. రేపు ఇక్కడ, ఎల్లుండి అక్కడ అని. ఆ గీతకు రెండు వైపులా తెల్లటి నీడ ఉంటుంది. ముందుకు పోయేకొద్దీ ఆ నీడ విసనకర్రలా విచ్చుకుంటుంది. తుఫాను ఆ నీడలో ఎక్కడికైనా రావచ్చని దాని అర్థం. ఎంత దూరపు రోజులది చూస్తే అంత తెలియనితనం. ఈ సంగతి నాకు తెలుసు. అయినా కళ్ళు గీత మీదే నిలిచేవి. నీడను నమ్మడం ఎవరికి చేతనవుతుంది? గీత ఒక్కటే కదా, దాన్ని పట్టుకుని నిద్రపోవచ్చు.

మా సంఘంలో శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన ఉంటుంది. చిన్నప్పటినుంచి వాక్యం చదివి, సండే స్కూల్లో పిల్లలకు చెప్పి, కంఠతా వచ్చిన దాన్ని కాబట్టి ఆ కూటాన్ని నేనే నడిపించేదాన్ని. ఒక కరువు ఏడాది వేరుశెనగ ఊడలు మట్టిలోకి దిగే సమయానికి వాన లేదు. ఆడవాళ్ళు నేలకు తలలాన్చి ఏడుస్తున్నారు. ఆ ఉదయమే నేను ఫోన్లో అల్పపీడనం చూశాను. ప్రార్థన చివర నా నోటినుంచి ఒక మాట వచ్చేసింది. "తూర్పునుంచి వాన వస్తాంది. ఆదివారం లోపల. ప్రభువు చూపిస్తాండాడు."

వాన వచ్చింది. శాంతమ్మత్త అని మా సంఘంలో పెద్దావిడ, అందరికంటే ముందు నా ఇంటికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నీకు దర్శన వరం ఉందంది.

అప్పుడు నేను చెప్పాల్సింది. అత్తా, ఫోన్లో చూశాను అని. అంత చిన్న మాట. చెప్పలేదు. ఎందుకు? ఆలోచించి చూసుకుంటే, అబద్ధం చెప్పాలని అనుకోలేదు. చూశానన్నది నిజమే. ఎక్కడ చూశానో చెప్పలేదు, అంతే. ఫోను తయారుచేసిన మనిషికి తెలివి ఇచ్చినవాడూ దేవుడే కదా అని కూడా అనుకున్నాను. ఇలాంటి మాటలు నాకు ఎన్నో వచ్చు. వాక్యం బాగా తెలిసినవాళ్ళకు తమను తాము మోసం చేసుకోవడం తేలిక. ప్రతి దొంగతనానికీ ఒక వచనం దొరుకుతుంది.

ఆ తర్వాత ఎవరూ నన్ను ఊరికే వదలలేదు. విత్తనం వెయ్యాలన్నా, కాయ పెరకాలన్నా, "అక్కా, ఏమన్నా చూపించినాడా?" అని వచ్చేవాళ్ళు. నేను ఫోను చూసి, మోకాళ్ళ మీద కాసేపు ఉండి చెప్పేదాన్ని. మోకాళ్ళ మీద ఉన్నది నిజం. ప్రార్థించిందీ నిజం. కానీ చెప్పిన మాట ఫోనుది. కొన్నిసార్లు తప్పేది. అప్పుడు వాళ్ళు, మా ప్రార్థన చాలలేదేమో అక్కా అని తలలు దించుకునేవాళ్ళు. నేను తప్పినా తప్పు వాళ్ళదే అయ్యేది. నేను నిజంగా దేవుడికి భయపడేదాన్నయితే, ఆ మొదటిసారే వణికిపోయి ఉండాల్సింది.

ఇక దేవమణి సంగతి.

ఆమె నా కన్నా కొంచెం చిన్నది. ఇద్దరం ఒకే సండే స్కూల్లో చాప మీద పక్కపక్కన కూర్చుని పాటలు నేర్చుకున్నాం. కూలికి పోయేది. ఒకతే కూతురు, అప్పుడు హాస్టల్లో చదువుకుంటూ ఉండేది. భర్త ఓబులేసు విశ్వాసి కాదు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల మీద, కనుబొమల మీద తెల్లటి పొడి ఉండేది. క్రిస్మస్ పూట మాత్రం మందిరం గుమ్మం దాకా వచ్చి, భోజనం చేసి, "మీ దేవుడు మంచోడక్కా, మటన్ బాగా ఏపిస్తాడు" అని పోయేవాడు. శాంతమ్మత్తకు ఒళ్ళు మండేది. నాకు నవ్వొచ్చేది. అతను భార్యను మందిరానికి పోవద్దని ఏనాడూ అనలేదు.

వాళ్ళది మట్టి మిద్దె. మా వైపు పాత ఇళ్ళు చాలావరకు అలాంటివే. దూలాల మీద కట్టెలు పరిచి, పైన మందంగా మట్టి వేస్తారు. ఏటా వానకాలం ముందు చౌడు మన్ను తెచ్చి పైన పరచాలి. చౌడు తడిస్తే బిగుసుకుని నీళ్ళను లోపలికి దిగనివ్వదు. కానీ మాది కరువు సీమ. వరసగా కొన్నేళ్ళు వాన మొహం చాటేస్తే, రాని వాన కోసం ఎవరు చౌడు మోస్తారు? ఎండకు మిద్దెలు నెర్రెలు విచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. మా ఇంటికి నాపబండల కప్పు ఉంది. నాకు ఆ బాధ లేదు. ఈ మాట కూడా రాయాలి.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. కాయ పెరికి చేలల్లో ఆరబెట్టారు. కొందరు మూటలు కట్టి ఇళ్ళలోకి చేర్చారు. సరిగ్గా అప్పుడు సముద్రంలో తుఫాను పుట్టింది. శుక్రవారం కూటంలో ఆడవాళ్ళు వింతైన ప్రార్థన చెయ్యమన్నారు. వాన రాకుండా. మా సంఘంలో ఆ ప్రార్థన ఎవరికీ చేతకాదు. ఎప్పుడూ చెయ్యలేదు. ఏ మాటలతో అడగాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను పొద్దున చూసిన గీత ఉత్తరానికి పోతోంది. ఒడిశా వైపు. నీడ అంచు మాత్రం నెల్లూరు మీద పడుతోంది. ఆ అంచు నేను చూశాను. చూడలేదనుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను. చూశాను.

"దాన్ని ఉత్తరానికి మళ్ళిస్తాండాడు. మన పక్కకు రాదు. భయపడాకండి," అన్నాను.

స్తోత్రం అన్నారు అందరూ.

మరునాడు మధ్యాహ్నం అన్నం తిని ఫోను తీశాను. గీత మారిపోయింది. ఉత్తరానికి పోయే గీతను ఎవరో వేలితో వంచినట్టు పడమటికి తిరిగి ఉంది. నెల్లూరు దగ్గర ఒడ్డెక్కి, మా జిల్లా మీదుగా కర్ణాటక వైపు. అతి భారీ వర్షాలు అని ఎర్రటి అక్షరాలు. ఫోను మూసి మళ్ళీ తెరిచాను. అదే గీత. మూడోసారీ అదే. ఇప్పుడు ఆలోచిస్తే నాకు సిగ్గేస్తుంది. అప్పుడు నాకు వేసిన భయం తుఫానుది కాదు. ఇళ్ళు పడతాయని కాదు. నిన్న మళ్ళిపోతుందని అన్నాను కదా, ఇప్పుడు అందరికీ ఏం చెప్పాలి అని. పలకని దేవుడు పలికాడని చెప్పినవాళ్ళకు ఏమవుతుందో లేఖనాల్లో ఎన్ని చోట్ల ఉందో నాకు తెలుసు. అది గుర్తొచ్చింది. గుర్తొచ్చి నన్ను నిజం వైపు తోయాల్సింది పోయి, ఇంకా లోపలికి తోసింది.

అప్పుడే వాకిట్లో అలికిడైంది. ఫోనును కొంగు కింద రవికలోకి తోసుకున్నాను.

"ఏమక్కా, తింటివా?" అంటూ దేవమణి లోపలికి వచ్చింది. ఓబులేసు గడప బయటే నిలబడ్డాడు. సగం రోజు పని చేసి వచ్చినట్టున్నాడు, తలంతా తెల్లగా ఉంది.

"చెప్పక్కా నీ చెల్లెలికి," అన్నాడు. "ఆటోలో మైకు పెట్టుకుని అరుస్తాండారు. మట్టి మిద్దెలోల్లంతా బడికాడికి రావాలంట. ఈమె రానంటాది. మిద్దె మింద చౌడేసి ఎన్నేండ్లాయనో నాకే గ్యాపకం లేదు. పిల్లి నడిస్తే మన్ను రాల్తాది."

"మన్ను రాలేది నీ నెత్తిలోంచిలే," అంది దేవమణి.

"నవ్వు, నవ్వు. తడిసిన మట్టికి నీ నవ్వు తెలీదు."

దేవమణి నా వైపు తిరిగింది. ఆమె మొహంలో ఏ అనుమానమూ లేదు. అదే నన్ను ఇప్పటికీ వదలదు. "అక్కా, ఉత్తరానికి పోతాదని నిన్న చెప్తివి కదా. ఈయప్పకి ఒక మాట చెప్పు. లేదంటే ఇంగోసారి అడుగు ప్రభువును. నువ్వు పొమ్మంటే ఇప్పుడే దుప్పటి ఎత్తుకుని పోతాను."

ఓబులేసు నవ్వాడు. "దేవుడు మీ యక్కకి ఫోన్ చేసి చెప్తాడంట కదా. సెల్లు యాడుండాది అక్కా? నువ్వే ఒక మిస్డ్ కాల్ ఇయ్యి, ఆయప్పే చేస్తాడు."

నా గుండె మీద ఫోను వెచ్చగా ఉంది. చూసేశాడనుకున్నాను. చూడలేదు. అతనిది ఉత్త ఎగతాళి. కానీ ఆ క్షణంలో నాకు వేసిన భయం అంతా ఇంతా కాదు. భయం కోపమైంది. నేను చాలా నెమ్మదిగా, కూటంలో మాట్లాడే గొంతుతో అన్నాను.

"ఆయన ఒకసారి చెప్పినాడు మణీ. చెప్పినాక మల్లా అడిగితే అది అపనమ్మకం. ఇంటికి పో. నెమ్మదిగా పండుకో."

దేవమణి మొహం విప్పారింది. ఓబులేసు మాత్రం తల గోక్కున్నాడు. పొడి రాలింది.

"సరే పా," అన్నాడు ఆమెతో. "పెండ్లాన్ని మిద్దె కింద ఇడిసి నేనొక్కన్నే బడికాడ పండుకుంటే ఊరోల్లు ఊస్తారు."

అంతే. ఆ మాటలు అంతే. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నేను గడప దగ్గరే ఉన్నాను. పిలవడానికి అంత సమయం ఉంది. పిలవలేదు.

చీకటి పడేవేళ వాన మొదలైంది. తెల్లవార్లూ పడింది. పొద్దునకు సన్నగిల్లి తుంపరగా మారింది. ఆదివారం. మందిరానికి పోతూ వాళ్ళ వీధి మొదట్లో ఆగాను. ఫోను ఇంకా వాన ఉందంటోంది. పోయి చెప్పొచ్చు. నిన్న చెప్పనిది ఇప్పుడెట్లా చెప్పను? నిన్న తెలిసే చెప్పలేదా అని అడగరా? అలా ఆలోచిస్తూ ఉండగానే దేవమణి ఎదురొచ్చింది. తడిసిన కొంగు తల మీద కప్పుకుని నవ్వుతూ వస్తోంది. "చూసినావా అక్కా, ఉత్త తుంపర! పెద్దదాన్ని మళ్ళించినాడు," అంది. ఇంట్లో అక్కడక్కడా కారుతోందట. ఓబులేసు కూలికి వచ్చిన వేరుశెనగ మూటలు ఒక మూలకు జరుపుతున్నాడట. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం కలిసి మందిరానికి నడిచాం.

లోపల పాస్టరు అయ్యగారు తుఫానును మళ్ళించిన దేవునికి కృతజ్ఞతలు చెప్పారు. దేవమణి నా పక్కనే నిలబడి, కళ్ళు మూసుకుని, చప్పట్లు కొడుతూ పాడుతోంది. నేను కూడా పాడాను. మట్టి మిద్దె పడితే పెద్ద చప్పుడు రాదు. గోతాం మూట కింద పడేసినట్టు ఒక బరువైన చప్పుడు, అంతే. పాటలో మాకెవరికీ వినబడలేదు. ఎవరో గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చి దేవమణిని పేరు పెట్టి అరిచారు.

తడిసిన మట్టి ఎంత బరువుంటుందో మీకు తెలుసా? గడ్డపారలతో, పారలతో, చేతులతో తవ్వారు. నేనూ తవ్వాను. గోళ్ళలోంచి రక్తం వచ్చింది. అందరూ చూసి, అక్క ఎంత ప్రేమగలదో అనుకున్నారు. ఓబులేసు మూటల పక్కనే దొరికాడు. తల మీద ఆ తెల్లటి పొడి లేదు. అంతా ఎర్రమన్ను.

మీరు అడగొచ్చు. నా దర్శనం తప్పిందని అప్పుడైనా ఎవరూ అనలేదా? లేదు. నేను దానికే భయపడుతూ కూర్చున్నాను. ఎవరైనా అడుగుతారని ఎదురుచూశాను. అడిగితే చెప్పేద్దామని కూడా అనుకున్నాను. కానీ శవం ఇంటి ముందు ఉండగానే శాంతమ్మత్త దేవమణి తల నిమురుతూ అంది. "ఎగతాళి చేసినాడు కదమ్మా. దేవునితో ఆటలాడితే ఊరుకుంటాడా? నిన్ను మాత్రం మందిరంలోకి పిల్చుకుని కాపాడుకున్నాడు."

ఏడుపు ఆపి దేవమణి నా వైపు చూసింది. ఆమె అడిగింది నన్నే. మాటల్లో కాదు, చూపుతో. అట్లనేనా అక్కా?

నేను తల ఊపాను.

వినండి, నన్ను ఇంతకాలం తింటున్నది ఆ తల ఊపడమే. ఆ ముందు రోజు చెప్పిన మాటకు భయం కారణమని అనుకోవచ్చు. ఈ తల ఊపడానికి ఏ కారణమూ లేదు. నా పేరు దక్కింది, అంతే. ఒక మంచి మనిషి, భార్యను విడిచి తానొక్కడే పోలేక ఇంట్లో ఉండిపోయినవాడు, ఆమె కళ్ళ ముందే దేవునికి కోపం తెప్పించినవాడయ్యాడు. పోదామన్నవాడే అవిశ్వాసి అయ్యాడు. పోవద్దన్న నేను దైవజనురాలినయ్యాను.

అప్పటినుంచి ఏటా దేవమణి సాక్ష్యం చెబుతుంది. మందిరంలో అందరి ముందూ నిలబడి, తన భర్త అవిశ్వాసం గురించి, దేవుడు తనను కాపాడిన సంగతి చెప్పి ఏడుస్తుంది. నేను మొదటి వరసలో కూర్చుంటాను. ఆమె గొంతు విన్నప్పుడల్లా నా కింద చాప వానకు తడిసినట్టనిపిస్తుంది. ఆమె కూతురు పెద్దదై అనంతపురంలో పనిచేస్తోంది. మందిరానికి రాదు. ఇంటికీ సరిగా రాదు. ఒకసారి బస్సు దగ్గర ఎదురుపడితే నన్ను పలకరించి, పోతూ పోతూ అంది. "మా నాయన బడికాడికి పోదామన్నాడంట కదా పెద్దమ్మా." ఆ పిల్ల నన్ను ప్రశ్న అడగలేదు. నాకు మాత్రం ఆ తర్వాత చాలా రోజులు అన్నం సయించలేదు.

దేవుని ముందు ఒప్పుకోలేదా అంటారేమో. ఒప్పుకున్నాను. లెక్కలేనన్నిసార్లు. ప్రతిసారీ మోకాళ్ళ మీదనుంచి లేచేసరికి బరువు అలాగే ఉండేది. ఎందుకో నాకు తెలుసు. కానుక పట్టుకుని వచ్చినవాడు, తనవల్ల నొచ్చుకున్న మనిషి ఉంటే ముందు వెళ్ళి ఆ మనిషితో సమాధానపడి రావాలని సండే స్కూలు పిల్లలకు నేర్పింది నేనే. దేవునికి చెప్పడం తేలిక. ఆయనకు ముందే తెలుసు. తెలియని మనిషికి చెప్పాలి, అదీ కష్టం.

ఈ వారం మళ్ళీ సముద్రంలో తుఫాను పుట్టింది. మళ్ళీ గీత, మళ్ళీ నీడ. పొద్దున ఒకవైపు, సాయంత్రం ఒకవైపు. శుక్రవారం కూటంలో మాట చెప్పాలని అయ్యగారు కబురు పంపారు. ఊళ్ళో ఇంకా మట్టి మిద్దెలు ఉన్నాయి. నిన్న దేవమణి వచ్చింది. ఇప్పుడు ఆమె ప్రభుత్వం కట్టించిన ఇంట్లో, మా గోడ అవతలే ఉంటుంది. గడప దగ్గర కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పటిలాగే అడిగింది.

"అక్కా, ఏమన్నా చూపించినాడా?"

"లేదు మణీ," అన్నాను. "ఎప్పుడూ చూపించలేదు. నేను ఫోన్లో చూసి చెప్తాంటి. అన్నిసార్లూ."

ఇన్నేళ్ళుగా మోసిన మాట. నోరు దాటితే ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను. దేవమణి నవ్వింది. "వరం ఉన్నోల్లు అట్లే తగ్గించుకుంటారులే అక్కా," అంది.

అక్కడితో ఆగిపోవచ్చు. చెప్పాను, ఆమె నమ్మలేదు, నా తప్పేముంది? ఎంత తేలికైన దారి అది! ఆ దారిలో నేను ఒక అడుగు వేసేశాను కూడా. ఆమెకు మంచినీళ్ళు ఇద్దామని లేచాను. చెంబు కుండలోనే వదిలేశాను. వెనక్కి తిరిగి, ఆమె ముందు నేల మీద కూర్చుని చెప్పాను. మీకు చెప్పినట్టే అంతా చెప్పాను. మీరిద్దరూ వచ్చిన మధ్యాహ్నం, నువ్వు గడప తొక్కకముందే నాకు తెలుసు. గీత మన మీదికి తిరిగింది. ఫోను నా రవికలో ఉంది. బడికి పో అని నువ్వు నా నోటి వెంట వినాలనుకున్నావు. నేను అనలేదు. నువ్వు చూస్తుండగా నేను తల ఊపింది అబద్ధం.

ఆమె మొహంలో నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది. అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"అయితే ఆయప్ప అనింది నిజమేనా?"

"నిజమే."

"దేవునికి ఆయప్ప మింద కోపం లేదా?"

నాకు దేవుని తరఫున మాట్లాడే నోరు లేదని చెప్పాను. "ఓబులేసు తప్పేమీ లేదు. తప్పు నాది. నాకు తెలిసింది అంతే మణీ," అన్నాను.

ఆమె గోడ పట్టుకుని లేచింది. నేను ఆసరా ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. ఆ రెంటిలో ఏదీ అడిగే హక్కు నాకు లేదు.

రేపు శుక్రవారం. కూటంలో ఫోను అందరి ముందూ పెట్టి చూపిస్తాను. ఇది గీత, ఇది నీడ, నీడ ఎంత వెడల్పో చూడండి, ఎటు వస్తుందో ఎవరికీ తెలియదు, మట్టి మిద్దెల్లో ఉన్నవాళ్ళు బడికి పొండి అని చెబుతాను. ఆ తర్వాత దేవమణికి చెప్పిందీ చెబుతాను. నాకు భయంగా ఉంది. శాంతమ్మత్త మొహం, అయ్యగారి మొహం, అన్నీ ఇప్పుడే కనిపిస్తున్నాయి. ఆ మందిరంలో నాకు మళ్ళీ చోటుంటుందో లేదో తెలియదు. కానీ ఈ భయం వేరు. దాక్కున్నవాళ్ళ భయం కాదు.

ఇవాళ మధ్యాహ్నం బస్సుకు దేవమణి కూతురు వచ్చింది. తల్లే రమ్మని ఫోన్ చేసి ఉంటుంది. వచ్చినప్పటినుంచి ఆ ఇంటి తలుపు మూసే ఉంది. గోడ అవతల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో పోల్చుకోలేకపోతున్నాను. నా పేరు ఎక్కడా వినబడటం లేదు. ఒక్క మాట మాత్రం మళ్ళీ మళ్ళీ గోడ దాటి వస్తోంది.

నాయన, అంటోంది ఆ పిల్ల. నాయన.